పదో మార్కు

ఒక పాటను ఈ ఫోన్లోంచి ఆ ఫోన్లోకి పంపాలంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి, పొదుగుతున్న కోడికి కాపలా ఉన్నట్టు కదలకుండా కూర్చోవలసిన కాలం ఒకటుండేది. మరీ పాతకాలమేమీ కాదు, నేను మార్కాపురంలో డిగ్రీ చదువుకున్న రోజులే. ఆ మాట మా ఐదేళ్ల వాడికి చెబితే నన్ను రాతియుగం మనిషిని చూసినట్టు చూస్తాడు. (ఒక విధంగా నిజమే. మా ఇంట్లోకి అన్నం రాయిలోంచే వచ్చేది.) ఆ రోజుల్లో నా ఈడు పిల్లలు సినిమా పాటలు దాచుకుంటుంటే, నేను వీడియో గేముల్లో వెనకాల వచ్చే సంగీతం దాచుకునేదాన్ని. గేములు ఆడటం నాకు రాదు. మొదటి గోతిలోనే పడి చచ్చిపోయేదాన్ని. కాని ఆ గోతిలో పడేదాకా వినిపించే సంగీతం మీద మాత్రం నాకు గట్టి అభిప్రాయాలుండేవి.

మా నాయన పలకల ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన జుట్టు, మీసం, కనురెప్పలు కూడా బూడిద రంగులో ఉండేవి. చాలా చిన్నప్పుడు అదే ఆయన రంగు అనుకునేదాన్ని, స్నానం చేసి వస్తే ఎవరో చుట్టం వచ్చాడని అమ్మ వెనక్కి పోయేదాన్నట. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించి, ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుపోయిందని, అది ఇక బయటికి రాదని చెప్పాడు. ఆయన్ని ఎక్కువ మాట్లాడనివ్వొద్దని, మాటమాటకూ ఊపిరి ఖర్చవుతుందని కూడా చెప్పాడు. ఆ రోజు నుంచి నాయన ముందుగదిలో మంచం మీద, వీపుకు దిండ్లు పేర్చుకుని కూర్చునేవాడు. పడుకుంటే ఊపిరాడేది కాదు. అమ్మ టీవీ ఆపేసింది. ఇంట్లో గిన్నె కింద పెట్టినా చప్పుడు కాకుండా పెట్టేవాళ్లం.

ఆ నిశ్శబ్దంలో మేం ముగ్గురం ఒక మూల చేరేవాళ్లం. నేను, మా చిన్నాయన కొడుకు, పక్కింటి పిల్ల. మా చిన్నాయన కొడుకును బటన్లోడు అనేవాళ్లం, ఇంట్లో ప్రతి ఫోనుకూ బటన్లు అరగదీసింది వాడే కాబట్టి. పక్కింటి పిల్ల వాళ్ల నాన్నకు (అబ్బా అని పిలిచేది) సెల్‌ఫోన్ల దుకాణం ఉండేది. దుకాణంలోని కంప్యూటర్ నుంచి గేముల సంగీతం మెమరీ కార్డులో ఎక్కించుకుని ఓణీ కొంగుకు ముడేసుకుని తెచ్చేది. అందుకని దాని పేరు మెమరీ. ఫోన్ సౌండు చీమ నడిచినంత పెట్టుకుని వినేవాళ్లం, తర్వాత ఏది గొప్పదని గుసగుసలతో పోట్లాడుకునేవాళ్లం. గుసగుసలతో పోట్లాడటం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది, మెడనరాలు తేలతాయి. ఒకరోజు నాయన మంచం మీద నుంచి, "ఆ పాముల బుస ఏందో నాకూ ఇనపడేట్ల పెట్టండి" అన్నాడు.

మార్కుల పద్ధతి నాయనదే. ఆయన మా వాదనలో దిగలేడు, దిగితే దగ్గు. మంచం కింద ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మూల విరిగిన పలకలు దొంతరగా ఉండేవి. తలా ఒకటి తీసుకోమన్నాడు. పాట అయిపోగానే ఎవరి మార్కు వాళ్లు పలక మీద వేసుకుని ఒళ్లో బోర్లించుకోవాలి. ఆయన వేలు ఎత్తితే అందరం ఒక్కసారే తిప్పి చూపించాలి. సున్నా వేయకూడదు, ఎవడో ఒకడు కష్టపడి వాయించి ఉంటాడు కదా అన్నాడు. పది కూడా వేయకూడదు. అదెందుకని బటన్లోడు అడిగితే, "పదికి పది ఇచ్చేస్తే రేపు ఇనేదానికి ఏం మిగుల్తాదిరా?" అన్నాడు.

అట్లా మా ముందుగది పోటీపరీక్షల కేంద్రమైంది. పాటల పేర్లు మాకు తెలియవు కాబట్టి మేమే పెట్టుకున్నాం. నీళ్లలో ఈదేటప్పుడు వచ్చేది నీళ్ల పాట. చివర్లో పెద్ద రాక్షసుడు ఎదురైనప్పుడు దబదబా మోగేది రాక్షసుడి పాట, దానికి బటన్లోడు ఎప్పుడూ తొమ్మిదే. మంచుకొండ పాట వస్తే మెమరీ కళ్లు మూసుకునేది. (దాని జన్మలో మంచు చూసింది ఐస్ డబ్బాలో మాత్రమే.) నాయన మార్కులే మాకు అర్థమయ్యేవి కావు. మేం పోట్లాడుకునే పాటలకు నాలుగూ ఐదూ వేసి, పాటే కాదని మేం పక్కన పడేసిన దానికి తొమ్మిది వేశాడు. గేము ఇంకా మొదలుకాక ముందు, తెర మీద 'మొదలుపెట్టండి' అని మెరుస్తూ ఉంటుందే, అప్పుడు వచ్చే చిన్న ముక్క అది. మనం బటన్ నొక్కేదాకా అదే మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది. నేను దానికి రెండు వేశాను. నాయన నా పలకను చూసి జాలిపడ్డాడు. "మిగిలినవన్నీ గెల్చినా అయిపోతాయి, ఓడినా అయిపోతాయి గదమ్మా. దీనికి అయిపోయేది లేదు," అన్నాడు. ఆ మాటకు అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇలా ఉండగా కొమరోలు నుంచి మా మేనత్త వచ్చింది. నాయనకు అక్క. తమ్ముడికి బాగాలేదని తెలిసి బస్సెక్కినప్పటి నుంచే ఏడుపు మొదలుపెట్టి, మా గడప దాకా మోసుకొచ్చింది. సరిగ్గా అప్పుడే నాయన వేలెత్తాడు, మేం పలకలు తిప్పాం. అత్తకు చదువు రాదు కాని అంకెలు వచ్చు. ఆమెకు కనిపించింది ఏమిటంటే, దిండ్లకు ఆనుకుని మాటా పలుకూ లేని తమ్ముడు, ఆయన చేతిలో పలక, దాని మీద ఆరు.

సంచీ గడపలోనే వదిలేసింది. "అయ్యో నా తమ్ముడా, మాట పడిపాయెనా నీకు" అంటూ ఒక్క రాగం తీసి, ఆ ఆరు వైపు చూసి గుండె పట్టుకుంది. "ఆరేంది? ఆరు దినాలా, ఆరు నెలలా? డాక్టరు ఎంత చెప్పినాడు?" తర్వాత మా వైపు తిరిగింది. బటన్లోడి పలక మీద నాలుగుంది, మెమరీది ఐదు, నాది మూడు. "ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్తారేందే" అని అక్కడే కూలబడింది.

నాయన నిజం చెప్పబోయి నోరు తెరిచాడు, దగ్గు తెర కమ్ముకుంది. అది తగ్గేసరికి ఆయన ముఖంలో ఏదో కొత్త ఆలోచన కనిపించింది. పలక తుడిచి, బలపంతో మెల్లగా రాసి నాకు చూపించాడు. నేను చదివాను. "కూర్చో అక్కా, కాళ్లు కడుక్కో."

అప్పుడు మాకు అర్థమైంది. అంతకుముందు పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకూ నాయన జబ్బు కథ మొదటినుంచీ చెప్పవలసి వచ్చేది. చెప్పించి, విని, నిట్టూర్చి వాళ్లు వెళ్లాక ఆ సాయంత్రమంతా ఆయనకు ఊపిరందేది కాదు. రావొద్దని ఎవరికి చెప్పగలం? ఇప్పుడు అత్త ఫోన్లో చెప్పిన కబురు కొమరోలు నుంచి వెలిగండ్ల దాకా పాకింది, మాట పడిపోయిందట అని. వచ్చినవాళ్లు కాసేపు కూర్చుని, కళ్లు తుడుచుకుని, నాయన పలక మీద రెండు ముక్కలు రాస్తే నేను దానికి పది ముక్కలు కలిపి చదివితే, విని వెళ్లిపోయేవాళ్లు. అమ్మ మొదట ఒప్పుకోలేదు, అపశకునం అంది. ఆ వారం నాయన సాయంత్రాలు బాగా గడిచాయి. ఆ తర్వాత ఎవరైనా వస్తే పలకా బలపం ఆమే అందించేది.

చెప్పకూడదు గాని, వచ్చినవాళ్లు వీధి మలుపు తిరిగాక మేం వాళ్ల ఏడుపులకు కూడా మార్కులు వేసేవాళ్లం. వెలిగండ్ల నుంచి వచ్చిన ఒక పిన్నికి నాయన ఎనిమిది వేశాడు. ఏడుస్తూనే మా మేక కట్టు తెంచుకోవడం చూసి లేచి కట్టేసి, వచ్చి ఆపిన చోటే మళ్లీ అందుకుంది.

అత్త మాత్రం వెళ్లలేదు, తమ్ముడికి సేవ చేస్తానని ఉండిపోయింది. ఆమెకు తెలియకుండా ఎన్నాళ్లు దాస్తాం? ఒక మధ్యాహ్నం ఆమె వంటింట్లో రొట్టెలు తడుతుంటే నాయన మరిచిపోయి, "ఒరే, ఆ రాక్షసుడి పాట ఇంకోసారి పెట్టు" అన్నాడు. అత్త పిండిచేతులతో వచ్చి మంచం ముందు నిలబడింది. పాట కూడా భయపడి ఆగినట్టనిపించింది (బటన్లోడే ఆపేశాడు).

"నీ నోట్లో మన్ను పడ" అంది.

"అది ఎప్పుడో పడింది లేక్కా" అన్నాడు నాయన.

అత్తే మొదట నవ్వింది, ఏడుస్తూ. ఆ సాయంత్రం తనకూ ఒక పలక కావాలంది. ఆమె అంత పీనాసి న్యాయమూర్తిని నేను మళ్లీ చూడలేదు. నీళ్ల పాటకు ఒకటి. మంచుకొండకు ఒకటి. మెమరీ "అత్తా, కనీసం రెండెయ్" అని గడ్డం పట్టుకుని బతిమాలితే, మాటల్లేని పాట ఉప్పులేని సంగటి అంది.

చలి మొదలైంది. ఒక ఉదయం ఎవరో వచ్చి, కూర్చుని, వెళ్లారు. అమ్మ తలుపు దగ్గరికి వేస్తూ, "పోయినార్లే, ఇంక మాట్లాడు. కాఫీయా టీయా?" అని అడిగింది. నాయన పెదవులు కదిలాయి. మేం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది, "నా కాడ కూడానా నాటకాలు?" అంది. మళ్లీ కదిలాయి. మెడలో నరం ఒకటి లేచి పడింది, గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది. బటన్లోడు ఆ నటనకు తొమ్మిది వేసి పలక ఎత్తి చూపించాడు. నాయన ఆ పలకను చూసి, అమ్మను చూశాడు. అత్త చేతిలో చెంబు కింద పెట్టి, బటన్లోడి చేతిలో పలక తీసుకుని కొంగుతో తుడిచేసింది. అప్పుడు ఆగింది మా నవ్వు.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు ఆయనే ఫోను వైపు చెయ్యి చూపించాడు. ఏ పాటో ఎవరూ అడగలేదు. బటన్లోడు ఆ మొదలుకాని పాట పెట్టాడు. అది తిరుగుతూనే ఉంది. పలకలు తలా ఒకటి తీసుకున్నాం. నాయన బలపం పట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. ఈసారి వేలెత్తింది అత్త. తిప్పాం. నాది పది, మెమరీది పది, బటన్లోడిది పది, అత్తది కూడా, కొంచెం వంకరగా, పది. నాయన పలక మీద తొమ్మిది.

"ఆ ఒక్క మార్కు ఎవురికి దాచినావురా, పిసినారోడా" అంది అత్త.

నాయన నవ్వాడు. నవ్వుకు కూడా ఊపిరి కావాలి కదా, కళ్లతోనే నవ్వాడు. ఆ వారంలోనే పోయాడు, పట్టపగలు. అప్పుడు పాటేమీ లేదు. కరెంటు లేదు, ఫోన్లో చార్జింగు లేదు.

బటన్లోడు ఇప్పుడు గిద్దలూరులో ఉంటాడు, మెమరీ మార్కాపురంలోనే వాళ్ల అబ్బా దుకాణం చూసుకుంటోంది. పాటలు ఇప్పటికీ పంపుకుంటాం, కాపలా ఉండక్కర్లేకుండా క్షణంలో వచ్చేస్తాయి. మార్కులు కూడా వేసుకుంటాం. ముగ్గురం పిల్లల తల్లిదండ్రులమయ్యాం, ఇంతవరకూ ఎవరూ పది వేయలేదు.

మా వాడికి చలికాలం వస్తే ఆయాసం. అది దుమ్ము కాదని, పెద్దయ్యాక పోతుందని డాక్టరమ్మ చెబుతూనే ఉంది, నేను ప్రతిసారీ మొదటిసారి విన్నట్టు వింటున్నాను. సాయంత్రం మందు ఆవిరి పట్టేటప్పుడు మూతికి మాస్కు పెట్టుకోడు, గింజుకుంటాడు. అందుకని ఆ మొదలుకాని పాట పెడతాను. మాస్కు తీసేయగానే, ఎన్ని మార్కులు అని అడిగితే "నూరు" అంటాడు. నిన్న "వెయ్యి" అన్నాడు. అలా ఇవ్వకూడదు నాన్నా, రేపటికేం మిగులుతుంది అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. గేములో మొదటి గోతి దాటలేని మనిషి, ఇంకా పలక పట్టుకునే ఉంది.

ఇప్పుడు వాడు నా పక్కన నిద్రపోతున్నాడు. ఇది రాస్తూ వాడి ఊపిరి వింటున్నాను. పిల్లికూతలు లేవు, లోపలికి పోయింది పోయినట్టే బయటికొస్తోంది. తొమ్మిది వేశాను.