పెదనాయన నవల గొంతు

నా చిన్నప్పుడు నాకొక పాడు విద్య అబ్బింది. ఎవరి గొంతయినా ఒక్కసారి వింటే చాలు, అచ్చం అలాగే మాట్లాడేదాన్ని. నెల్లూరు బస్సు కండక్టరు, మా లెక్కల అయ్యవారు, ఊళ్ళో కాన్పులు చేసే మంత్రసాని, అందరూ నా నోట్లోనే ఉండేవాళ్ళు. సాయంత్రం నాలుగయ్యాక వీధిలో ఆడవాళ్ళు మా అరుగు మీద చేరి, కండక్టరును ఒకసారి పిలవమని అడిగేవాళ్ళు. నేను పిలిచేదాన్ని. వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. పదేళ్ళ పిల్లకు అంతకన్నా ఏం కావాలి? నా కాళ్ళు నేల మీద ఉండేవి కావు.

మాది ముత్తుకూరుకు సముద్రం వైపున్న చిన్న ఊరు. అప్పటికి పోర్టు లేదు, ఇప్పుడు ఏ మిద్దె ఎక్కినా కనిపించే పొగగొట్టాలూ లేవు. వరి చేలు, సాయంత్రమైతే ఉప్పుగాలి, అంతే. మా పక్కింటాయనను నేను పెదనాయన అనీ, ఆయన భార్యను పెద్దమ్మ అనీ పిలిచేదాన్ని. వరస కలుపుకోవడమే గాని చుట్టరికం ఏమీ లేదు. పెదనాయన ఆరడుగుల మనిషి. కాలువ నీళ్ళ వంతుల దగ్గర తగవు వస్తే తేల్చేది ఆయనే. చేలో ఆయన ఎద్దులను అదిలిస్తే మా ఇంట్లో ఏడుస్తున్న తమ్ముడు నోరు మూసేవాడు. ఇంట్లో మాత్రం ఆయన నోట మూడే మాటలు: నీళ్ళు, అన్నం, పైగుడ్డ. ఆ మూడూ పెద్దమ్మ అడక్కముందే అందించేది కాబట్టి ఒక్కోరోజు అవి కూడా వినిపించేవి కావు. ఇద్దరు కూతుళ్ళూ పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయాక ఆ ఇల్లు మరీ చప్పుడు లేకుండా అయింది.

ఆ రోజుల్లో బుధవారం బుధవారం ముత్తుకూరు నుంచి ఒకాయన సైకిలు మీద అద్దె నవలలు తెచ్చేవాడు. అన్నీ ఆడవాళ్ళు మెచ్చే నవలలే. అట్ట మీద పెద్ద పెద్ద కళ్ళ అమ్మాయి, ఆమె వెనక కారుకు ఆనుకుని నిలబడ్డ ఒక పొగరుబోతు, ఆఖరి పేజీలో ఇద్దరికీ పెళ్ళి. మగవాళ్ళు వాటిని చేత్తో తాకేవాళ్ళు కాదు. పొయ్యి మీద పప్పు మాడ్చే పుస్తకాలని వాటికి పేరు పెట్టారు. మా వీధిలో అందరికన్నా ఎక్కువ తీసుకునేది పెద్దమ్మే. వారానికి రెండు. అరుగు మీద కూర్చుని ఆమె ఆ కథ చెబుతుంటే, అదే పుస్తకం చదివినవాళ్ళు కూడా మళ్ళీ వినేవాళ్ళు. ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఎవరైనా ఆటపట్టిస్తే, పొద్దుపోవద్దా అని నవ్వేసేది. నేను చదివాను అని మాత్రం ఆమె ఎన్నడూ అనలేదు. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఊరంతా భోంచేసి కునుకు తీసే వేళ, పాలు తోడు పెట్టడానికి కాస్త పెరుగు తెమ్మని మా అమ్మ నన్ను వాళ్ళింటికి పంపింది. పెరటి దారిన వెళ్తుంటే కిటికీలోంచి ఎవరిదో కొత్త గొంతు వినిపించింది. మెత్తగా, కొంచెం వణుకుతూ, ఒక్కో మాటనూ చేత్తో నిమిరి వదులుతున్నట్టుగా ఉంది. ఎవరో చుట్టాలు వచ్చారనుకుని తొంగి చూశాను. చుట్టాలెవరూ లేరు. పెదనాయన నులక మంచం మీద కూర్చుని, ముక్కు చివరికి జారిన కళ్ళజోడుతో నవల చదువుతున్నాడు. కింద పెద్దమ్మ చేటలో బియ్యం ఏరుతూ వింటోంది.

అలిగిన అమ్మాయిని ఆ కథలో అబ్బాయి బతిమాలుకుంటున్నాడు. "నువ్వు అలిగితే ఇల్లంతా చీకటిగా ఉంది. ఒక్కసారి ఇటు చూడు" అని చదివి, పెదనాయన కళ్ళజోడు పైనుంచి పెద్దమ్మ వైపు చూశాడు. పెద్దమ్మ తలెత్తలేదు. చేటలోకి చూస్తూనే నవ్వుకుంది. ఇంకో పేజీ తిప్పాక ఏమైందో గాని ఆయన పైగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. "ఏడవబాకయ్యా, రేపటికి కలుస్తార్లే వాళ్ళు" అంది పెద్దమ్మ, పసిపిల్లవాడిని ఊరుకోబెట్టినట్టు. ఆయన ఒక గడ్డిపోచ పేజీల మధ్య గుర్తు పెట్టి పుస్తకం మూశాడు.

పెద్దమ్మ నన్ను చూడనే చూసింది. పెరట్లోకి వచ్చి పెరుగు ఇచ్చి, నా గౌనులో గుప్పెడు చెనక్కాయలు పోసింది. "ఎవురికీ చెప్పబాకమ్మా. నాకు చదువు రాదు, ఆయనే చదివి చెప్తాడు. ఆయనకు ఈ కతలంటే ప్రాణం. మగోడు ఇయ్యి చదువుతాడంటే నవ్వతారు గదా" అంది. చెప్పనని ఒట్టు వేశాను. వేసేటప్పుడు నిజంగానే వేశాను.

నోట్లో నువ్వుగింజ నానని దాన్ని, పది రోజులు ఆగాను. పదకొండో రోజు అరుగు మీద నా కండక్టరు పారలేదు. మంత్రసానికి కూడా ఎవరూ నవ్వలేదు. ఇవన్నీ విన్నవేనే, కొత్తదేమీ లేదా అని ఎవరో అన్నారు. ఆ మాటకు నాకు ఒళ్ళు తెలియలేదు. లేని కళ్ళజోడును ముక్కు చివరికి జార్చుకున్నాను, వేలు తడి చేసుకుని లేని పేజీ తిప్పాను, పెదనాయన గొంతు పెట్టి, నువ్వు అలిగితే ఇల్లంతా చీకటిగా ఉంది, ఒక్కసారి ఇటు చూడు అని, లేని పైగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాను. అది పెదనాయన అనీ, పెద్దమ్మకు నవల చదువుతున్నాడనీ వాళ్ళు తెలుసుకోవడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత చూడాలి ఆ నవ్వులు. మా అమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ చెయ్యమంటే మళ్ళీ చేశాను. మూడోసారి చేస్తున్నప్పుడు చూశాను, పెద్దమ్మ చేట పట్టుకుని అరుగు చివర నిలబడి ఉంది. అందరూ ఆమె ముఖం చూశారు. ఏం చేస్తుంది పాపం, ఆమె కూడా నవ్వింది. నవ్వి, పొయ్యి మీద ఏదో ఉందంటూ లోపలికి వెళ్ళిపోయింది.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని అందరూ చెబుతారు. నోరు జారిన మాట ఎంత దూరం పోతుందో మాత్రం ఎవరూ చెప్పరు. నా మాట రెండు రోజుల్లో కాలువ గట్టు దాకా పోయింది. అక్కడ నీళ్ళ వంతు కాడ తగవు వచ్చి, పెదనాయన ఒకాయనను తప్పు పట్టాడట. ఆ తప్పుపడినాయన వెంటనే, "ఒక్కసారి ఇటు చూడు పెదనాయనా" అన్నాడట, గొంతు సన్నం చేసి. గట్టు మీదున్న మగవాళ్ళంతా పగలబడి నవ్వారట. ఎద్దులను అదిలించే ఆ మనిషి పార భుజాన వేసుకుని ఇంటికి వచ్చేశాడని మా నాయన అన్నం తింటూ చెప్పాడు. మా అమ్మ నా వైపు చూసింది. నేను కంచంలోకి చూశాను.

ఆ బుధవారం సైకిలు బెల్లు మోగితే బయటికి వచ్చింది పెద్దమ్మ కాదు, పెదనాయన. చేతిలో నవల ఉంది. "ఇంక మా ఇంటికాడ ఆగబాకయ్యా" అని పుస్తకం సైకిలాయన చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. గడ్డిపోచ పుస్తకం మధ్యలోనే ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో తెలియని వయసు నాది. వీధి చివరిదాకా సైకిలు వెంట పరుగెత్తి, మా అమ్మ అడిగిందని అబద్ధం చెప్పి ఆ నవల తెచ్చుకున్నాను. పోచ ఉన్న చోటి నుంచి నేనే చదివి వినిపిస్తే అంతా సర్దుకుంటుందనుకున్నాను.

మరునాడు మధ్యాహ్నం వెళ్ళాను. పెదనాయన వసారాలో మంచం వేసుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పెద్దమ్మ లోపల చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి కోపపడలేదు. చదువుతానంటే, చదువు మరి అంది. చదివాను. బడిలో నాకన్నా బాగా చదివేవాళ్ళు లేరు, ఒక్క అక్షరం తప్పు పోలేదు. అయినా పెద్దమ్మ ముఖంలో కళ లేదు. గింజలు తీస్తోంది, వింటోంది, అంతే. ఎక్కడ లోటుందో నా పిల్ల బుర్రకు వెంటనే తెలిసిపోయింది. ఆ లోటు తీర్చే విద్య నా దగ్గరే ఉంది గదా అనుకున్నాను. నమ్మండి, ఆమెను సంతోషపెడదామనే చేశాను. పేజీ తిప్పి, పెదనాయన గొంతుతో చదవడం మొదలుపెట్టాను.

పెద్దమ్మ చెయ్యి చింతపండులో ఆగిపోయింది. బయట నులక మంచం కిర్రుమంది.

"ఆ గొంతు వద్దమ్మా" అంది పెద్దమ్మ. మళ్ళీ గింజలు తీస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు, "నీ గొంతుతో నువ్వు చదువుకో తల్లీ. అది నాకని ఉండిన గొంతు" అంది.

వసారాలోంచి ఆయన లేచి వెళ్ళిన చప్పుడైంది. కిటికీలోంచి చూశాను. చెప్పులు లేకుండా, నెత్తిన గుడ్డ లేకుండా, ఆ ఎండలో చేల వైపు నడిచిపోతున్నాడు. పెద్దమ్మ వాకిట్లోకి వెళ్ళి నిలబడింది. పిలవలేదు. ఏమని పిలుస్తుంది? తిరిగి లోపలికి వచ్చి నా గౌనులో చెనక్కాయలు పోసింది, ఆనాటిలాగే. "కత ఏమైందో నాకు చెప్పబాకమ్మా" అంది. నేనూ ఆపైన చదవలేదు. పోచతో సహా ఆ పుస్తకం తర్వాతి బుధవారం వెనక్కి వెళ్ళిపోయింది.

నన్ను ఎవరైనా కొట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. ఎవరూ కొట్టలేదు. కొన్నాళ్ళకు చేని గట్టు మీద పెదనాయన ఎదురయ్యాడు. ఇద్దరు పట్టని దారి. తప్పయిందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. అంతలో ఆయనే కాలు కిందకు వేసి బురదలోకి దిగి నాకు దారి ఇచ్చాడు. ఊరంతా జడిసే అంత పెద్ద మనిషి, పదేళ్ళ పిల్లను చూసి జడిశాడు. నేను తల దించుకుని దాటిపోయాను. ఈనాటికీ ఆ గట్టు తలుచుకుంటే నా ముఖం కాలుతుంది.

ఆ ఇంట్లో మళ్ళీ మూడు మాటలే మిగిలాయి. నా పెళ్ళి నిశ్చయమైనప్పుడు పెద్దమ్మకు చెప్పడానికి వెళ్ళి, పెదనాయన మళ్ళీ ఏమైనా చదువుతున్నాడా అని అడిగాను. కళ్ళు కనపడవంటాడు అంది. మళ్ళీ తనే, "బాగానే కనపడతాయిలే, నాకు తెలుసు" అంది. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. ఆయన చదివింది పుస్తకం కాదనీ, జన్మలో సొంతంగా ఒక మెత్తటి మాట అనడం చేతకాని మనిషి ఎవరో రాసిన మాటల చాటున భార్యతో మాట్లాడుకున్నాడనీ అప్పటికి అర్థమైంది. అర్థమై ఏం లాభం?

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మనవరాళ్ళు చుట్టూ చేరి కండక్టరును పిలవమంటారు, పిలుస్తాను. మంత్రసానినీ అయ్యవారినీ కూడా పిలుస్తాను. వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఒక్క గొంతు మాత్రం చెయ్యను. పెదనాయన పోయి చాలా ఏళ్ళయింది, పెద్దమ్మ ఆయన వెనకే పోయింది. ఆ గొంతు విన్నవాళ్ళలో దాన్ని ఇంకా నోట పలికించగలిగేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. వంటింట్లో ఒంటరిగా బియ్యం ఏరుతుంటే ఒక్కోసారి అది నాలుక చివరిదాకా వస్తుంది. పెదవులు బిగించుకుంటాను. అది నాది కాదు. ఇచ్చేద్దామంటే, పుచ్చుకోవలసిన మనిషి లేదు.