బొట్టు పెట్టిన పడవ

మొన్న ఓటు వెయ్యడానికి మా వీధి చివరి బడికి వెళ్ళాను. వేలి మీద సిరా చల్లగా తగిలింది. మీట నొక్కితే యంత్రం కీచుమంది. అంతే, బయటికి దారి చూపించారు. ఓస్, ఇంతేనా అనిపించింది. కొంగుకు సిరా అంటకుండా వేలు దూరంగా పట్టుకుని నడుస్తుంటే, ఆ ఆరని తడి చూసి పెంచలయ్యగారు మళ్ళీ గుర్తొచ్చారు. ఆయన ఉంటే గుమ్మంలోనే ఆపి, "మీట నొక్కినప్పుడు ఏమనిపించింది గ్రేసమ్మా?" అని అడిగేవారు. ఓటు ఎవరికి వేశావని మాత్రం చచ్చినా అడిగేవారు కాదు.

పెంచలయ్యగారు ఒకప్పుడు నెల్లూరు తీరంలో మా ఎమ్మెల్యే. కొడవలూరు దగ్గర వరి పండించే కుటుంబం. ఏ పార్టీలోనూ ఇమడలేక, పడవ గుర్తు మీద స్వతంత్రంగా నిలబడేవారు. యాభై అయిదులో గెలిచి మొదట కర్నూలులో, తర్వాత హైదరాబాదులో శాసనసభలో కూర్చున్నారు. అరవై రెండులో ఓడారు. అరవై ఏడులో మళ్ళీ గెలిచారు. కాగితం మీద ఆయన చరిత్ర ఈ మూడు ముక్కలే. నేను మిషన్ బడిలో టైపు నేర్చుకుని, ఆయన దగ్గర అర్జీలు కొట్టే పనికి వెళ్ళాను. స్పీడు ఎంత అని అడుగుతారనుకుంటే, "నీకు తెలీని సంగతి ఒకటి చెప్పు" అన్నారు. "తెలీనిది ఎట్లా చెప్తాను సార్?" అన్నాను కాస్త చిరాగ్గానే. "దేన్ని గురించి తెలుసుకోవాలని ఉందో చెప్పమ్మా, అదే గదా అడగతా ఉండేది." నోటికొచ్చింది అడిగేశాను: "సముద్రం పక్కనే బావి తవ్వితే నీళ్ళు తియ్యగా ఎందుకుంటాయి సార్?" ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, "నాకూ తెలీదే! రేపట్నించి రా" అన్నారు. ఆ మనిషికి 'ఎందుకని' అనే మాట ఊతపదం. అర్జీ ఇచ్చినవాళ్ళను కూర్చోబెట్టి ఎందుకని, ఎందుకని అని తవ్వుతుంటే, ఒక్కోసారి నాకు విసుగొచ్చి టైపుమిషన్ దడదడలాడించేదాన్ని.

మా నియోజకవర్గానికి చిట్టచివర, ఉప్పుటేరు అవతల, చేపలు పట్టేవాళ్ళ రేవు ఒకటి ఉండేది. వానాకాలంలో ఆడవాళ్ళు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని గొంతులోతు నీళ్ళలో ఏరు దాటేవాళ్ళు. నొప్పులు పడే మనిషినైనా అట్లాగే దాటించాలి. అక్కడ వంతెన కావాలని పెంచలయ్యగారు శాసనసభలో అడిగి అడిగి, చివరికి ప్లాను దాకా తెచ్చారు. ఇంకొక్కసారి గెలిస్తే వంతెన లేచేది. రేవువాళ్ళకు ఆయనంటే ప్రాణం.

అరవై రెండులో ఓటు వేసే పద్ధతి మారింది. అంతకుముందు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు బొమ్మ ఉండేవి. కాగితం తీసుకెళ్ళి నచ్చిన పెట్టెలో వేస్తే సరి. ఇప్పుడేమో అందరి బొమ్మలూ ఒకే కాగితం మీద పెట్టి, కావలసిన దాని మీద రబ్బరు ముద్ర వెయ్యమన్నారు. మేము ఊరూరా తిరిగి, బెండకాయ కోసి సిరాలో అద్ది, ముద్ర ఎట్లా వెయ్యాలో నేర్పాము. "రేవుకి ఎప్పుడు సార్?" అంటే, "వాళ్ళు మనవాళ్ళే గదమ్మా. అనుమానంగా ఉండే ఊళ్ళు చూద్దాం ముందు" అన్నారు. చివరికి రేవుకి పోనే లేదు.

లెక్కింపు రోజు ఆయన తరఫున నన్ను కూర్చోబెట్టారు. ఆడపిల్లను పంపించాడని పక్కవాళ్ళు నవ్వారు, నవ్వుకోండి అనుకున్నాను. రేవు పెట్టె తెరిచారు. కాగితం తర్వాత కాగితం, పడవ బొమ్మ మీద ముద్ర లేదు, ఎర్రగా కుంకుమ బొట్టు ఉంది! ఆఫీసరు ఒక్కొక్కటీ ఎత్తి చూపించి, "ఇది చెల్లదు" అని పక్కన పెట్టాడు. నేను పోట్లాడాను, బతిమాలాను. "రూలమ్మా, నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు. ఆ బొట్లే లెక్కకొచ్చుంటే మేము గెలిచేవాళ్ళం.

బయట మావాళ్ళు కోర్టుకు పోదామని కేకలు వేస్తున్నారు. పెంచలయ్యగారు మాత్రం, "కుంకుమ ఎందుకని పెట్టినారో?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. సీటు పోయింది, వంతెన పోయింది, ఈయనకు ఇప్పుడీ సందేహమా! మర్నాడు పొద్దున్నే నన్ను తీసుకుని రేవుకి బయల్దేరారు.

రేవులో పెద్దదిక్కు నాగమ్మ. వల ఆరేస్తున్నదల్లా ఎదురొచ్చి, "గెలిచినావు గదా సామీ?" అంది. ఓడిన కబురు ఏరు దాటలేదింకా. పెంచలయ్యగారు ఇసుకలో కూర్చుని, ముందు తన ప్రశ్నే అడిగారు. ఆమె విడ్డూరంగా చూసింది. "బొట్టు పెట్టకుండా పడవను నీళ్ళలోకి దించతామా యాడైనా? బొమ్మయినా పడవే గదా. అందరం కొంగున కుంకుమ కట్టుకోని పోయినాము."

"ముద్ర ఉండింది గదక్కా పక్కన?"

"అది సర్కారోళ్ళ ముద్ర. మేము ముట్టుకోవచ్చా?"

అప్పుడు చెప్పారాయన. "బొట్టు చెల్లలేదక్కా. ఓడిపోయినాను."

నాగమ్మ చేతిలో వల జారిపోయింది. "మా చేతుల్తో మేమే ముంచినామా నిన్ను!" అని నెత్తి కొట్టుకుని ఏడ్చింది. ఆయన ఆమె చెయ్యి పట్టి ఆపారు. "నువ్వు కాదక్కా, నేనే. నన్ను నమ్మనోళ్ళ గడపలన్నీ తొక్కినా. నమ్మినోళ్ళ కాడికి రాలేదు." ఏరు దాటి వస్తుంటే, "మరి కోర్టు సార్?" అన్నాను. "తప్పు నాది. ఈ ఆడోళ్ళను బోనెక్కించేదా?" అన్నారు. ఆ మనిషి మీద నా కోపమంతా ఆ నీళ్ళలోనే పోయింది. ఏడుపు మాత్రం ఇంటిదాకా వచ్చింది.

అరవై ఏడులో ప్రచారం రేవుతోనే మొదలుపెట్టాము. బెండకాయ ముక్క అందరి చేతా పట్టించి, కాగితాల మీద వేయించాను. పిల్లల్లా నవ్వుతూ నేర్చుకున్నారు. చివర్న నాగమ్మ ఆయన్ని పక్కకు పిలిచి, "అందరూ ముద్రే వేస్తారు, నాదీ పూచీ. నేను మటుకు బొట్టే పెడతా సామీ. నా ఒక్కదాని ఓటు పోతే పోనీ, పడవను ఒట్టిగా పంపించలేను" అంది. నేను వాదించబోతే ఆయన కళ్ళతోనే ఆపి, "నీ ఇష్టం అక్కా" అన్నారు.

గెలిచాము. దండలు వేసేవాళ్ళను తోసుకుంటూ నేను లెక్కింపు గదిలోంచి బయటికొస్తే, మెజారిటీ ఎంతని అడగలేదాయన. దగ్గరకొచ్చి, "రేవు పెట్టెలో బొట్టు కనపడిందా?" అన్నారు. "ఒక్కటి కనపడింది సార్. చెల్లదని పక్కన పెట్టేశారు." ఆయన కళ్ళు తుడుచుకుని, "పడవ ఒట్టిగా పోలేదు" అన్నారు. వంతెన లేచాక మొదట దాటింది నాగమ్మే, నెత్తిన గంపతో, కాలు తడవకుండా.

తర్వాత నేను నెల్లూరులో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టి చాలామందికి నేర్పాను. రాదని ఏడ్చే పిల్ల దగ్గరకు ఎవరైనా వెళ్తారు. నేను మాత్రం "అర్థమైంది మేడమ్" అని నవ్వే పిల్ల పక్కన ముందు కూర్చునేదాన్ని. మొన్న మీట నొక్కాక నా చెయ్యి వెంటనే వెనక్కి రాలేదు. నేను బొట్టు పెట్టుకోను, మా ఇంట్లో కుంకుమ ఉండదు. అయినా మీట పక్కనున్న గుర్తు బొమ్మ మీద ఒట్టి వేలితో ఒకసారి అద్దాను. లోపల ఏం చేస్తున్నారని ఆఫీసరు కేకేశాడు. "వస్తున్నా నాయనా" అన్నాను.