ఆ పేరుతో పిలిస్తే తిరగొద్దు

ముందు చప్పుడే వస్తుంది. ఖాళీ బిస్కెట్ల రేకు డబ్బాలో ఒక గులకరాయి దొర్లే చప్పుడు. వరండా మలుపు దగ్గర మొదలై, గది తర్వాత గది దాటుతూ దగ్గరవుతుంది. అది వినగానే పదో తరగతి పిల్లలు సంచుల్లోంచి ఫోన్లు తీసి ఆపేస్తారు. ఆ తర్వాతే కంప్యూటర్ టీచర్ కనిపిస్తుంది, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని. గుమ్మంలో డబ్బా పట్టుకు నిలబడితే ఫోన్లు ఒక్కొక్కటే అందులో పడతాయి. పీరియడ్ అయ్యాక ఎవరివి వాళ్ళకిచ్చేస్తుంది. పిల్లలు ఆమెకు డబ్బా మేడమ్ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినట్టు వాళ్ళకు తెలియదు.

ఆమె పాఠాలన్నిటిలో పేరుపడ్డది ఏడాదికొకసారి చెప్పేది, నెట్‌లో మనిషి వదిలే జాడల పాఠం. పుస్తకంలో చదివితే అది ఎవరికీ ఎక్కదు. అందుకని తననే వేటకు వదిలేది. "పీరియడ్ అయ్యేలోగా నా గురించి ఎంత దొరికితే అంత పట్టుకురండి. దొంగదారులు వద్దు, అందరికీ కనబడేదే వెతకండి," అనేది. పిల్లలు కంప్యూటర్ల మీద పడేవాళ్ళు. చివరికి ఏటా బోర్డు మీద మిగిలేది ఆమె చదివిన కాలేజీ, ఎప్పుడో గెలిచిన వ్యాసరచన పోటీ, అంతే. "తడికాళ్ళతో నడిస్తే గచ్చు మీద అచ్చులు పడతాయి. కాళ్ళు తుడుచుకుని నడవాలి," అని ముగించేది. లోపల కాస్త గర్వంగానే ఉండేది.

పోయిన ఏడు ఆ గర్వం నిలవలేదు.

ముందు బెంచీలో ఒక అమ్మాయి ఉంది. నోరు మూతపడదు కాబట్టి అందరూ రేడియో అంటారు. ఆ రోజు రేడియో చాలాసేపు తెరకు అతుక్కుపోయింది. తర్వాత చెయ్యెత్తింది.

"మేడమ్, మీరు దొరకలేదు గానీ మీ ఆడపడుచుగారు దొరికారు."

తరగతి గొల్లుమంది. టీచర్ కూడా నవ్వింది. "ఆవిడ దొరక్కపోతేనే వింత. ఎలా పట్టావు?"

"మన స్కూల్ ఫొటో కింద 'మా వదిన ఎంత బాగుందో' అని రాశారు మేడమ్. అక్కణ్ణుంచి వెళ్ళాను. అక్కడంతా మీ పాపే."

ఆడపడుచు వాళ్ళింట్లోనే ఉంటుంది. బట్టలు కుడుతుంది. మేనకోడలంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని రోజుకొక ఫొటోగా లోకానికి చూపించుకుంటుంది. ఒక ఫొటోలో ఇంటి గేటు, ఒకదాంట్లో యూనిఫాం మీద బడి గుర్తు, ఇంకోదాంట్లో పొద్దుటి వ్యాను. ఒక వీడియోలో మేనత్త ముద్దుపేరు పెట్టి పిలుస్తుంది, పిల్ల పరుగెత్తుకొచ్చి ఒళ్ళో వాలుతుంది. దేనికది చూస్తే ముచ్చటే, దారం లేని పూసలు. రేడియో బోర్డు దగ్గరకెళ్ళి, ఆకుపచ్చ మార్కరుతో బాణాలు గీసి ఆ పూసలకు దారమెక్కించింది. బడి, తరగతి, వ్యాను ఎక్కే వేళ, ముద్దుపేరు. అన్నిటి మధ్యా ఒక సున్నా చుట్టి అందులో 'పాప' అని రాసింది.

టీచర్ బోర్డు దగ్గరకు వచ్చింది. తన కూతురు ఎముకల గూడులా బోర్డుకు వేలాడుతున్నట్టు అనిపించింది. చెరిపెయ్యాలని డస్టర్ అందుకుంది కూడా. అప్పుడు తరగతి వైపు చూసింది. ఒక్కరూ ఆవలించడం లేదు. ఇన్నేళ్ళలో ఈ పాఠం ఇంత లోతుగా ఎన్నడూ దిగలేదు. విరామం తర్వాత పక్క సెక్షన్ వాళ్ళు వస్తారు, వాళ్ళూ చూడాలి. డస్టర్ బల్ల మీద పెట్టేసింది. ఫోన్లు తిరిగిచ్చి, గది తెరిచే ఉంచి టీ తాగడానికి వెళ్ళింది.

సాయంత్రం ఇంట్లో మాత్రం గట్టిగానే చెప్పింది.

"అన్నీ తీసెయ్యమ్మా. ఇప్పుడే, నా ఎదురుగా."

"నీకన్నిటికీ భయమే వదినా! నీ శిష్యులు తుమ్మడానికి కూడా పాస్‌వర్డ్ పెట్టుకుంటారు."

"నవ్వులాటకి అనడం లేదు."

ఆడపడుచు మూతి ముడుచుకుని కుట్టుమిషన్ ఆపి ఒక్కొక్క ఫొటో తీసేసింది. "నీ కూతురే కావచ్చు గానీ, నాకేమీ కాదేంటి?" అని గొణిగింది. ఇద్దరూ ఒకే కంచంలోంచి పిల్లకు అన్నం పెట్టారు. గండం గడిచిందనుకుంది టీచర్.

మర్నాడు స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు ఫోను చాచాడు. "ఏమ్మా, మీ బోర్డు మా బావమరిదికి ఎలా తెలుసు? వాడిదసలు ఈ ఊరే కాదు. 'టీచర్‌నే పట్టేసిన పిల్లలు, శభాష్' అని పంపాడు."

తెరనిండా ఆకుపచ్చ బాణాలు. కింద ఎవరెవరివో చప్పట్లు. ఆమె చెప్పులు వేసుకున్నదీ లేనిదీ గుర్తులేదు. ఆటోలో కూర్చున్నాక దారిలో కనిపించిన ప్రతి మగవాడి చేతిలోనూ ఫోను కనిపించింది. ఎప్పుడూ ఉండేదే. ఆ రోజు మాత్రం అందరూ ఒకే బొమ్మ చూస్తున్నట్టు తోచింది.

పాప బడి గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"మీవాడు వెనక్కి రాలేదేంటమ్మా?"

"ఎవరు?"

"పాప మేనమామ. ఇందాక వచ్చాడుగా. ఇంట్లో ఎవరికో బాగాలేదు, తీసుకెళ్తానన్నాడు. మీ దగ్గర్నుంచి చీటీ ఏదంటే బండిలో ఉందని వెళ్ళాడు."

"నాకు అన్నదమ్ములు లేరు," అంది ఆమె. ఆ గొంతు ఎవరిదో అనిపించింది.

వాచ్‌మన్ మొహంలో నెత్తురు లేదు. "పాపని ముద్దుపేరుతో అడిగాడమ్మా. ఇంటి మనిషే అనుకున్నా."

పాప తరగతిలోనే ఉంది, రంగులు వేసుకుంటూ. తల్లి గట్టిగా హత్తుకుంటే ఊపిరాడక నవ్వింది.

"అమ్మా, ఒక అంకుల్ రోడ్డువైపు కిటికీలోంచి పిలిచాడు. నేను 'ఊ' అన్నాను."

"ఎందుకన్నావు తల్లీ?"

"నా పేరు తెలుసు కదా!"

పోలీసులు కెమెరా చూశారు. టోపీ, ముక్కు దాకా కట్టిన రుమాలు, అంతకుమించి ఏమీ లేదు. ఆ మనిషి ఎవరో ఈనాటికీ తేలలేదు. రేడియో లాబ్ మూలన వెక్కివెక్కి ఏడ్చింది. "మంచి పాఠం కదా అని బోర్డు ఫొటో తీసి మా అక్కకొక్కదానికే పంపాను మేడమ్." టీచర్ ఆ పిల్ల తల నిమిరింది. "వెతకమన్నది నేను. చెరపకుండా వదిలిందీ నేనే," అంది. పాఠం ఇప్పటికీ చెబుతుంది. లేని మనిషినొకరిని కల్పించి, ఆ మనిషి జాడలు వెతికిస్తుంది. గంట కొట్టకముందే తానే బోర్డు తుడిచి, ఆకుపచ్చ మరక ఎక్కడైనా మిగిలిందేమోనని చేత్తో తడిమి చూస్తుంది.

ఫొటోలు తీసెయ్యచ్చు. బోర్డు బొమ్మను ఎవరెవరు పెట్టారో వాళ్ళందరినీ బతిమాలుకోవచ్చు. పేరును ఎలా తీసెయ్యాలి? ఇంట్లో ఆ పేరు ఆగిపోయింది. మేనత్త నోట సగం వచ్చి నాలుక కరుచుకుంటుంది. బడిపేరుతో పిలిస్తే, ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టు పాప అటూ ఇటూ చూస్తుంది. తల్లి ఎదురుగా కూర్చోబెట్టుకుని మళ్ళీ మళ్ళీ చెప్పింది, "ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే తిరగొద్దు. నేను పిలిచినా సరే."

మొన్నొక సాయంత్రం పాప వీధిలో ముందు నడుస్తోంది. కూరల సంచితో వెనక వస్తున్న తల్లికి ఉన్నట్టుండి అనుమానం పుట్టింది. గొంతులో ఉన్న తీపంతా పోసి ఆ పేరు పెట్టి పిలిచింది.

పాప ఆగింది. చిన్న భుజాలు రెండూ చెవుల దాకా ముడుచుకున్నాయి. జడ వణికింది. తిరగలేదు. ఒక్క క్షణం అలాగే నిలబడి, తర్వాత ఇంటివైపు పరుగు తీసింది, తల్లి నుంచి పారిపోతూ.

పిల్ల నేర్చుకుంది. టీచర్ అక్కడే గోడ పట్టుకుని ఆగిపోయింది.

ఇదంతా తన కథ రాసుకుందామని ఇంటికొచ్చినవాళ్ళకు చెప్పి, చీరకొంగుతో కళ్ళజోడు తుడుచుకుని, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. తలుపు దగ్గరకు వేస్తూ అంది:

"మీరు మంచివారే కావచ్చండీ. అయినా ఆ పేరు మాత్రం నన్ను అడక్కండి."