ప్రశ్నకు పరీక్ష పెట్టిన టీచరమ్మ

మా సైన్సు టీచరమ్మ ఇక లేరు. పోయిన ఆదివారం పొద్దున జహీరాబాద్ నుంచి రూతు ఫోన్ చేసి చెప్పింది. రూతు, నేను నారాయణఖేడ్‌లో పదో తరగతి కలిసి చదివాం. ఇప్పుడు ఆమె జహీరాబాద్ దవాఖానలో నర్సు. "టీచరమ్మ పోయింది పిల్లా. నిద్రలనే పోయిందట. నేను ఖేడ్ బస్సెక్కుతున్న, నువ్వు గూడ జల్దీ రా" అన్నది. ఫోన్ పక్కింటివాళ్లది కాబట్టి అక్కడ ఏడవలేక బయటికొచ్చేశాను.

నేను ఖేడ్ చేరేసరికి ఆమె ఇంటిముందు చాలామంది ఉన్నారు. ఒకాయన బస్సు కండక్టరు, ఒకామెకు బజార్లో బట్టల దుకాణం, ఇంకొకాయన మనూర్ నుంచి పొలం పని వదిలేసి వచ్చాడు. అందరూ ఆమె దగ్గర చదివినవాళ్లే. వాళ్లలో చాలామంది బళ్లో వెనక బెంచీల మీద కూర్చున్నవాళ్లు.

ఆమె ఎనభైల మొదట్లో మా హైస్కూలుకు వచ్చారు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆమె పాఠం మెల్లగా చెప్పేవారు, ప్రశ్న అడిగే ముందు దాన్ని తనలో తాను ఒకసారి గొణుక్కునేవారు. మనం జవాబు చెబితే తప్పనీ అనేవారు కాదు, ఒప్పనీ అనేవారు కాదు. "గట్లెందుకు అనుకుంటున్నవు?" అని అడిగేవారు. సరైన జవాబుకూ అదే ప్రశ్న. అందుకని ఆమె క్లాసులో జవాబు తెలిసినవాళ్లే ఎక్కువ భయపడేవాళ్లు. పేపర్లు దిద్దేటప్పుడు కూడా అంతే. అర్థం కాని జవాబు పక్కన సున్నా పెట్టకుండా పెన్సిలుతో, "నీ మనసుల ఏమున్నదో నాకు సమజ్ కాలే. వచ్చి చెప్పు" అని రాసేవారు.

మేము పదో తరగతికి వచ్చిన ఏడాది ఆమె ఎం.ఎడ్. చదువుతున్నారు. దాని కోసం ఒక పరిశోధన చేయాలి. ఆమె ఎంచుకున్న విషయం మా పరీక్షలే. పిల్లలకు వచ్చిన మార్కులు వాళ్లకు తెలిసినదాన్ని కొలుస్తున్నాయా, లేక ఇంకేదైనా కొలుస్తున్నాయా అన్నది ఆమె సందేహం. "ఎప్పుడు జూసినా పిల్లలకే పరీక్ష పెడ్తం. ఒక్కసారన్న ప్రశ్నకు గూడ పరీక్ష పెట్టాలె గద" అనేవారు.

అర్ధ సంవత్సర పరీక్షలో ఆమె పుస్తకంలోని మాటలతోనే ప్రశ్న ఇచ్చారు: బాష్పీభవనమును నిర్వచించి, దాని వలన కలుగు శీతలీకరణమును వివరింపుము. నేను పుస్తకంలో ఉన్నది ఒక్క అక్షరం పోకుండా రాశాను. క్లాసులో నాదే ఫస్టు. కల్హేర్ దగ్గరి పల్లె నుంచి నడిచి, బస్సెక్కి వచ్చే రూతు ఆ ప్రశ్న వదిలేసింది. ఇంకా చాలా వదిలేసింది. తప్పింది.

సెలవుల తర్వాత టీచరమ్మ మళ్లీ ఒక పరీక్ష పెట్టారు. పాఠాలు అవే, మాటలు వేరు. ఎండకాలంల కొత్త కుండల నీళ్లు సల్లగుంటయి, స్టీలు బిందెల ఎందుకుండయి? కంది చేన్ల నీళ్లు నిలిస్తె విత్తనం ఎందుకు మురుగుతది? అట్లా ఉన్నాయి ప్రశ్నలు. నాకు నవ్వొచ్చింది. మట్టి చల్లని పదార్థము కాబట్టి అని రాసి ముందుగా పేపరు ఇచ్చేశాను.

మార్కులు ఆమె చదివి వినిపించలేదు. కానీ పిల్లలం ఊరుకుంటామా! పేపర్లు చేతికి రాగానే ఒకరివి ఒకరం చూసుకున్నాం. రూతుకు నాకంటే చాలా ఎక్కువ వచ్చాయి. "కుండ చెమటవడ్తది. ఆ తడి గాలికి ఆరుతది. ఆరుకుంట లోపలి వేడిని గుంజుకపోతది. బిందెకు చెమటవట్టే సందుల్లెవ్వు" అని రాసింది. నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

మర్నాడు మా నాన్న దుకాణం మూసి నన్ను వెంటపెట్టుకుని బడికొచ్చాడు. మాది బస్టాండు దగ్గర కిరాణా దుకాణం. నాన్నకు నా ఫస్టు మార్కుల గురించి గిరాకీలకు చెప్పడం అలవాటు.

"టీచరమ్మా, మా బిడ్డ ఆరో తరగతి సంది ఫస్టే. గిప్పుడు ఎన్కవడ్డదంటే ఏమన్నట్టు? నీ పరీక్షల్నే ఏదో తప్పున్నది" అన్నాడు.

"ఉండొచ్చు" అన్నారామె. నాన్న ఆ జవాబు ఊహించలేదు. "తప్పు దీంట్ల ఉన్నదా, ఇంతకు ముందు పెట్టినదాంట్ల ఉన్నదా అనే నేను జూస్తున్న. మీ బిడ్డ తెలివిగల్లదే. పుస్తకంల ఉన్నది ఉన్నట్టు అప్పజెప్తది. కని ఇంట్ల కుండను జూస్తె అది యాదికొస్తలేదు."

"పబ్లిక్ పరీక్షల కుండ గురించి అడుగుతరా?"

"అడగరు."

"మరి ఇంకేంది!"

"బిడ్డను పరీక్ష దాకనే చదివిస్తరా? తర్వాత బతుకున్నది గద" అన్నారు టీచరమ్మ.

నాన్న దుకాణం తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. "ఏం జేస్తవో జెయ్యి. కని ఫస్టు మాత్రం పోవద్దు" అని వెళ్లిపోయాడు. నేను మళ్లీ ఏడుపు అందుకోబోతుంటే ఆమె నా భుజం మీద చెయ్యి వేశారు. "ఏడ్వకు. అది నీకొచ్చిన మార్కు కాదు, నేను జెప్పిన పాఠానికొచ్చిన మార్కు. మల్ల జెప్త" అన్నారు. ఒక టీచరు ఆ మాట అనగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

నా సంగతి ఏడుపుతో పోయేది. రూతుది అట్లా కాదు. అర్ధ సంవత్సరంలో తప్పినవాళ్లను ఈ ఏడు పబ్లిక్ పరీక్షకు పంపొద్దని హెడ్మాస్టరు సారు అనుకుంటున్నారు. పరీక్ష లేకపోతే చదువు మాన్పించి పట్నం ఇళ్ల కట్టుబడి పనికి తోల్కపోతానని రూతు నాయిన ముందే చెప్పాడు. టీచరమ్మ మా ఇద్దరినీ హెడ్మాస్టరు గదికి తీసుకెళ్లి, రూతు పేపరు ఆయన ముందు పెట్టారు. ఆయన ఓపికగా చదివారు.

"ఈ పిల్లకు సంగతి తెలుసు, ఒప్పుకుంట. కని పబ్లిక్ పేపర్ దిద్దేటాయన ఈమెను జూస్తడా? కుండ చెమటవడ్తది అని రాస్తే మార్కేస్తడా?"

"వెయ్యడు సార్" అన్నారు టీచరమ్మ. "అందుకే నాకు కొంచెం టైమియ్యండి. తెలివే లేకపోతె గింత తక్కువ టైమ్ల నేనేం జెయ్యలేను. ఈమెకు మాటలే లెవ్వు. మాటలు ఇయ్యొచ్చు."

ఆయన రూతు వైపు తిరిగి, "రాస్తవా?" అని అడిగారు.

"రాస్త సార్" అన్నది రూతు. ప్రీఫైనల్లో పాసైతే పంపుతానని ఆయన ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం నుంచి వరండాలో మా ఇద్దరి చదువు మొదలైంది. టీచరమ్మ పెట్టిన పద్ధతి ఒకటే. ముందు రూతు సంగతి చెప్పాలి, నాకు సమజ్ అయ్యేదాకా. తర్వాత నేను దానికి పుస్తకం మాట చెప్పాలి, రూతుకు రాయడం వచ్చేదాకా. "గింత చిన్న సంగతికి బాష్పీభవనం అని అంత పెద్ద పేరెందుకు పెట్టిన్రే?" అని రూతు నవ్వేది. నేనేమో మొదటిసారి మా ఇంటి కుండ మీద చెయ్యి పెట్టి ఆ తడిని చూశాను.

రూతు ప్రీఫైనల్ పాసైంది. పబ్లిక్‌లో సెకండ్ క్లాసు వచ్చింది. నా ఫస్టు పోయింది, మూడో స్థానం వచ్చింది. నాన్న కొన్నాళ్లు టీచరమ్మ ఎదురైతే మొహం తిప్పుకున్నాడు. తర్వాత తర్వాత దుకాణానికొచ్చిన వాళ్లను ఆపి, "కుండల నీళ్లు ఎందుకు సల్లగుంటయో చెప్పుండ్రి సూద్దాం" అని అడగడం మొదలుపెట్టాడు.

అందరి కథా రూతు కథలాగే ముగిసిందంటే అబద్ధం. రెండు రకాల పేపర్లలోనూ తప్పినవాళ్లు మా క్లాసులోనే ఉన్నారు. ఆ సంగతి టీచరమ్మ దాచలేదు, తన పరిశోధనలో అదీ రాశారు. "నా అనుమానం సగమే నిజమైంది. మిగిలిన సగం ఏందో జూడాలె" అన్నారు. చూస్తే, వాళ్లలో చాలామందికి ప్రశ్న చదవడమే కష్టంగా ఉంది. మరుసటి ఏడు నుంచి ఆమె ఎనిమిదో తరగతి వాళ్లచేత రోజూ పొద్దున బడి మొదలుకాక ముందే తెలుగు చదివించడం మొదలుపెట్టారు. సైన్సు టీచరు తెలుగు చదివించడమేమిటని కొందరు నవ్వారు. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వారు, పని మాత్రం మానలేదు.

ఒక్క బడి పిల్లలను చూసి ఏం తేలుస్తామని యూనివర్సిటీలో పెద్దలు అడిగారట. ఆమె బాధపడలేదు. "సరిగ్గనే అడిగిన్రు" అని, ఎం.ఎడ్. అయిపోయాక కూడా కంగ్టి, మనూర్ బళ్లకు సొంతంగా తిరిగారు. కర్ణాటక అంచున ఉన్న కంగ్టి పిల్లలు కన్నడం కలిపి జవాబు చెబితే, ఆ కన్నడం మాటలు నేర్చుకుని మళ్లీ అడిగేవారు.

నేను బి.ఎడ్. చదువుతున్నప్పుడు ఒకరోజు ఆమెతో మనూర్ వైపు ఒక బడికి వెళ్లాను. పని అయ్యేసరికి సాయంత్రమైంది. రోడ్డు మీద ఖేడ్ బస్సు వచ్చి ఆగింది. అప్పుడే, పొద్దుటి నుంచి ఒక్క మాటా మాట్లాడని అమ్మాయి ఒకతె టీచరమ్మ దగ్గరికొచ్చి, చెట్టు వేరు నీళ్లను పైకెట్లా తీసుకుంటుందో చెప్పడం మొదలుపెట్టింది. మాటలు చాలక నేల మీద కూర్చుని పుల్లతో గీస్తున్నది. టీచరమ్మ కూడా చీర కుచ్చిళ్లు సర్దుకుని దుమ్ములోనే కూర్చున్నారు. బస్సు హారన్ కొట్టింది. నేను సంచి భుజానికేసుకున్నాను. ఆమె తల తిప్పకుండానే, ఆగమన్నట్టు రోడ్డు వైపు చెయ్యెత్తారు. అమ్మాయి చెబుతూనే ఉంది, పుల్ల వేరు నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి ఆకుకు పోతున్నది. కాసేపు చూసి, డ్రైవరు ఇంజను ఆపేశాడు.