బనీను మీద కొలిచిన తుపాకీ

మంచుదేశపు పల్లె కివివార వేటబృందంలో ఎవరు ఎక్కడ నిలబడాలన్నది ఆ అడవి పుట్టినప్పుడే రాసిపెట్టి ఉందన్నట్టు మాట్లాడతారు. పెద్దబండ దగ్గర కాపు కాసే చోటు తౌనోది. అంతకుముందు అతని తండ్రిది. చిత్తడినేల అంచున మనిషెత్తు బండ, దాని పక్కన కూర్చోవడానికి ఒక మొద్దు, ఎదురుగా కాస్త బయలు. అక్టోబరులో కుక్కలు లేపిన మూస్ అనే భారీ దుప్పి సగంసార్లు ఆ దారినే వస్తుంది.

తౌనోకు అరవై ఒకటి. శీతాకాలమంతా రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. వేసవిలో అదే బండితో కంకర చదును చేస్తాడు. ఎవరేమన్నా నవ్వి ఊరుకునే మనిషి. బండ జోలికొస్తే మాత్రం చెవులు ఎర్రబడతాయి.

ఆ చెవులు రెండేళ్లుగా ఎర్రగానే ఉన్నాయి. వరసగా రెండు దుప్పులు బండ పక్కనుంచి క్షేమంగా నడిచి వెళ్ళిపోయాయి. మొదటిదానికి రెండు గుండ్లు, రెండోదానికి మూడు ఖర్చుపెట్టాడు. ఒక పైన్ చెట్టుకు తప్ప ఎవరికీ దెబ్బ తగల్లేదు. బృందానికి నాయకురాలు హిల్కా, బడిపిల్లల టాక్సీ నడుపుతుంది, మాటలు పొదుపు. వేట ముగిసిన రోజు కాఫీ దగ్గర తేల్చి చెప్పేసింది.

"తౌనో, వచ్చే ఏడు మూడోది కూడా పోతే బండ యోర్మాకిస్తా."

యోర్మా తౌనోకు పక్కింటివాడు. ఆ మాట విని కప్పులోకి చూస్తూ మర్యాదగా నవ్వాడు. ఆ మర్యాదకే తౌనోకు ఒళ్ళు మండింది.

"తప్పు నాది కాదు, తుపాకీ చెక్కది," అన్నాడు. "ఫ్యాక్టరీవాళ్ళు ఎవరో పొట్టివాణ్ణి నిలబెట్టి చేసినట్టున్నారు. నా చెంప ఎక్కడ ఆనాలో అక్కడ ఆనదు."

"పైన్ చెట్టు కూడా అదే చెప్పింది," అన్నాడు యోర్మా.

అలా మొదలైంది కొత్త చెక్క పని. పాత బోల్ట్ రైఫిల్‌లో గొట్టం, బోల్ట్ తండ్రి నాటివి, వాటికి వంక పెట్టలేదు. వాటిని మోసే చెక్కనే మార్చాలనుకున్నాడు. షెడ్డు పైదూలాల మీద పదకొండేళ్లుగా ఒక బిర్చ్ చెట్టు మొద్దు ఎండుతోంది, లోపలంతా గోధుమరంగు సుడులు, చారలు తిరిగిన అరుదైన రకం. దాన్ని దించి, దుమ్ము తుడిచి, వంటగది బల్ల మీద పెట్టి, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు గంటసేపు చూశాడు.

ఆ చలికాలమంతా షెడ్డులో దీపం వెలిగింది. గొట్టానికి గాడి తవ్వాడు. గొట్టం ఎక్కడా చెక్కను తాకకూడదని, మధ్యలో కాగితం ముక్క పెట్టి ఇటు నుంచి అటు లాగి చూసేవాడు. ఎక్కడన్నా చిక్కుకుంటే అక్కడ మళ్ళీ గీకేవాడు. చెంప ఆనే చోటు మర తిప్పితే పైకి కిందికి జరిగేట్టు పెట్టాడు. కొత్త దుర్భిణి బిగించాడు. గొట్టం మూతికి సైలెన్సర్, భుజానికి తోలుపట్టీ, భుజానికి ఆనే చెక్క చివరకు, అంటే మడమకు, రబ్బరు మెత్త, దాని పక్కన అయిదు తూటాలు పట్టే చిన్న తోలు సంచి, ముందు వాల్చుకుని నిలబెట్టే రెండు కాళ్ళు. ఇక మిగిలింది నూనె. రోజుకొక పూత చొప్పున అవిసెనూనె అరచేత్తో రుద్దుతూ ఉంటే, అతని భార్య ఎల్వి షెడ్డు గుమ్మంలో నిలబడి చూసింది.

"పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళు. నా వీపు ఎప్పుడన్నా ఇంత ఓపిగ్గా రుద్దావా?"

"నీ వీపులో ఇన్ని సుడులు లేవు," అన్నాడు తౌనో తలెత్తకుండా.

యోర్మా కూడా వారానికోసారి వచ్చి చుట్టూ తిరిగి చూసేవాడు. "అన్నీ బాగున్నాయి గానీ, కాఫీ కాచే గొట్టం ఎక్కడ పెట్టావ్?" అనేవాడు. "కనబడదే."

ఎల్వి దర్జీ. ఆ చుట్టుపక్కల మంచు దుస్తులకు జిప్పులు మార్చాలన్నా, పెళ్ళిగౌనులు వదులు చెయ్యాలన్నా ఆవిడ దగ్గరికే వస్తారు. మడమ పొడవు ఎంతుండాలో తేల్చే రోజున తౌనో ఆవిరిస్నానాల సౌనా గదిలోంచి అప్పుడే బయటికొచ్చి, బనీనుతో, ఒళ్ళంతా ఆవిర్లు కక్కుతూ అద్దం ముందు నిలబడ్డాడు. మడమ భుజానికి ఆనించి, వేలు ట్రిగ్గర్ మీద పెట్టి, మోచెయ్యి చూసుకున్నాడు. సరిగ్గా ఉంది. ఇంతకన్నా సరిగ్గా ఏదీ ఉండదనిపించింది.

"కోటు వేసుకుని కొలుచుకోరాదూ," అంది ఎల్వి దారం కొరుకుతూ.

"ఇదేమన్నా ప్యాంటా ఎల్వీ?"

"ప్యాంటు కాదు గనకే చెప్తున్నా. ప్యాంటయితే మళ్ళీ విప్పి కుట్టొచ్చు."

తౌనో వినిపించుకోలేదు. వినలేనంత సుఖంగా ఉన్నాడు.

ఆగస్టులో గురి పరీక్ష జరిగింది. చొక్కా చేతులు మడిచి, నాలుగు గుండ్లూ అరచెయ్యంత జాగాలో పెట్టాడు. లెక్కలు చూసేవాడు కాగితం రెండుసార్లు తిప్పి చూశాడు. యోర్మా ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని తౌనో నెల రోజులు మిఠాయిలా చప్పరించాడు.

అక్టోబరు మొదటి శనివారం సున్నాకు ఎనిమిది డిగ్రీల కింద తెల్లవారింది. తౌనో ఉన్ని బనీను, దాని మీద ఎల్వి అల్లిన స్వెటరు, దాని మీద దూది కుట్టిన కోటు, పైన నారింజరంగు చొక్కా వేసుకుని బండ దగ్గర మొద్దు మీద కూర్చున్నాడు. కొత్త చెక్క ఒళ్ళో మెరుస్తోంది. తొమ్మిదిన్నరకు కుక్క మొరిగింది. పావుగంటకు గడ్డిపోచల మీది మంచు చిటపటలాడింది. బయల్లోకి ఆడదుప్పి వచ్చింది. ఒంటరిది, పక్కకు తిరిగి, యాభై గజాల్లో ఆగింది. ఇంతకన్నా మర్యాదగల దుప్పి ఏ వేటగాడికీ దొరకదు.

తౌనో లేచి తుపాకీ ఎత్తాడు. మడమ భుజం దాకా రాలేదు. చంకలో కోటు మడతకు చిక్కుకుని అక్కడే ఆగిపోయింది. ముందుకు నెట్టి మళ్ళీ లాగాడు. ఈసారి నారింజ చొక్కా జేబు మూతలో దూరింది. మూడోసారి మోచెయ్యి బాతు రెక్కలా పైకి లేపి, కష్టపడి భుజం దాకా తెచ్చేసరికి దుర్భిణిలో బిర్చ్ కొమ్మలు, వాటి వెనక ఆకాశం ఉన్నాయి. దుప్పి లేదు.

రేడియోలో హిల్కా గొంతు వినబడింది. "పెద్దబండా, నీవైపే వచ్చింది. ఏమైంది?"

"వచ్చింది," అన్నాడు తౌనో.

"గుండు చప్పుడు వినబళ్ళేదే."

"పేల్చలేదు."

"ఎందుకని?"

తౌనోకు అబద్ధం చెప్పడం రాదు, అందులోనూ పదిహేనుమంది వింటున్న రేడియోలో. "కోటు అడ్డొచ్చింది," అన్నాడు.

రేడియో గరగరల మధ్య యోర్మా గొంతు: "ఎవరి కోటు? దుప్పిదా?"

మధ్యాహ్నం వేటగుడిసెలో సాసేజ్‌లు కాలుతున్నప్పుడు అందరూ తలా ఒకసారి ఆ తుపాకీ ఎత్తి చూశారు, కోటుతో, కోటు లేకుండా. కోటు లేకుండా దేవుడిచ్చినట్టుందన్నారు. తౌనో హిల్కా మొహంకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ ఆవాల ముద్ద అద్దుకుని సాసేజ్ పూర్తిగా తినేసింది.

"గురి తప్పలేదు, అసలు పేలనే లేదు. కాబట్టి సగం తప్పే లెక్క," అంది. "మిగతా సగం వచ్చే శనివారం చూస్తాం."

"వేసవిలో వేట పెట్టమని మంత్రికి ఉత్తరం రాద్దాంలే," అన్నాడు యోర్మా.

పరిష్కారం ఏమిటో తౌనోకు తెలుసు. మడమ కొంత కోసెయ్యాలి. అన్నిటికన్నా అందమైన సుడి సరిగ్గా అక్కడే ఉంది, నీటిలో రాయి వేసినట్టు గుండ్రంగా తిరుగుతూ. ఆదివారం దాన్ని చూశాడు. సోమవారం చూశాడు. మంగళవారం రంపం చేతికి తీసుకుని, దానికి నూనె రాసి, మళ్ళీ మేకుకు తగిలించాడు.

బుధవారం పొద్దున ఎల్వి వంటగది కిటికీలోంచి చూసేసరికి, తౌనో వాకిట్లో పలచని చొక్కాతో నిలబడి ఉన్నాడు. తుపాకీ ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. ముక్కు బీట్‌రూట్ రంగులో ఉంది. ఆవిడ తలుపు తీసింది.

"ఏం చేస్తున్నావ్?"

"అ… అలవాటు చేసుకుంటున్నా."

"దేనికి?"

"చలికి. శనివారం ఇలాగే వెళ్తా."

"పుట్టినప్పట్నుంచీ ఇక్కడే ఉన్నావుగా. ఇంకా అలవాటు కాలేదా?"

తౌనో పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఎల్వి అతన్ని లోపలికి లాక్కొచ్చి, కప్పు నిండా కాఫీ పోసి, వేట బట్టలన్నీ తెచ్చి ఒకదాని మీద ఒకటి వేయించింది. టోపీ కూడా పెట్టించింది. బొమ్మకు తొడిగినట్టు నిలబెట్టి, భుజాన తుపాకీ ఆనించమని, మెడలోని టేపు తీసింది.

"ఊపిరి బిగబట్టకు. కోటు కొలిచేటప్పుడు అందరూ ఇదే చేస్తారు." ఆవిడ అతని చంక దగ్గర కోటు మందం నొక్కి చూసి, టేపు చదివి, బట్ట మీద గీసే సుద్దతో చెక్క మీద సన్నని గీత గీసింది. "రెండున్నర సెంటీమీటర్లు."

గీత ఆ గుండ్రటి సుడి మధ్యలోంచి పోతోంది.

"రెండు చాలదా?" అన్నాడు తౌనో. అడగడం కాదు, బతిమాలడం.

"చాలదు. నేను ముప్పయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో పొట్టలు కొలుస్తున్నా. ప్రతివాడూ రెండు చాలదా అనే అంటాడు."

షెడ్డులో ఆమె మడమ గట్టిగా పట్టుకుంది, అతను రంపం లాగాడు. పదకొండేళ్ళు ఎండిన కలప, సన్నగా తియ్యటి వాసన వేస్తూ కోసుకుపోయింది. ముక్క తెగి పడేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు. ఎల్వి మూసుకోలేదు. కింద పడకుండా పట్టుకుంది. అతను మడమకు రబ్బరు మెత్త మళ్ళీ బిగించి, అంచులు నున్నగా గీకి, శుక్రవారం కోటుతోనే వెళ్ళి అయిదు గుండ్లు పేల్చి గురి సరిచూసుకున్నాడు.

శనివారం ఇంకా చలి ఎక్కువ. పదకొండు దాటాక కుక్క మొరుగు బండ వైపు తిరిగింది. చిన్నకొమ్ముల మగదుప్పి బయల్లోకి వచ్చి, చెవులు వెనక్కి తిప్పి కుక్క ఎక్కడుందో విన్నది. తౌనో తుపాకీ ఎత్తాడు. మడమ చంకను దాటి, ఎవర్నీ ఏమీ అడగకుండా, భుజంలో వచ్చి కూర్చుంది. చెంప ఆనాల్సిన చోట ఆనింది. ఒకటే గుండు. దుప్పి నాలుగడుగులు వేసి మోకాళ్ళ మీదికి ఒరిగింది.

బోల్ట్ మళ్ళీ లాగి, కాసేపు ఆగి, అది కదలడం లేదని చూసుకున్నాక రేడియో నొక్కాడు.

"పెద్దబండ. పడింది."

"ఏది పడింది?" అన్నాడు యోర్మా. "నువ్వా, దుప్పా?"

"బండ తౌనోదే," అంది హిల్కా. "యోర్మా, తాడు పట్టుకెళ్ళి లాగడానికి సాయం చెయ్యి."

కోసిన ముక్క ఎల్వి పారెయ్యలేదు. దానికీ రెండు పూతల నూనె పట్టించి బల్ల మీద పెట్టింది. అప్పట్నుంచి వేడి కాఫీకుండ దాని మీదే దించుతుంది. నీళ్ళలో రాయి వేసినట్టున్న ఆ సుడిలో సగం కుండ కింద కనబడుతుంది, మిగతా సగం తుపాకీకి ఉంది.

జూన్‌లో ఒకరోజు, చొక్కా చేతులు మడిచి గురి చూసుకుని వచ్చిన తౌనో బల్ల ముందు కూర్చుని కుండ కిందికి అదేపనిగా చూశాడు.

"ఎల్వీ, వేసవిలో చెక్క కాస్త పొట్టిగా ఉంటోంది. ఆ ముక్క ఇచ్చావనుకో, రెండు మరలతో తగిలిస్తా. అక్టోబరు రాగానే తీసేస్తా."

ఎల్వి అతని కప్పు నింపి, కుండను మళ్ళీ ముక్క మీదే దించింది.

"కుండ ఖాళీ అయ్యాక అడుగు," అంది.

ఆ ఇంట్లో కాఫీకుండ ఖాళీగా ఉండడం తౌనో ఇంతవరకు చూడలేదు. అయినా ఆ రోజు నాలుగు కప్పులు తాగాడు.