కుట్టుపని ఆవిడ అడిగిన పేజీ

మా అక్క మొగుడికి ఆఫీసులో ‘సర్దుడు మాస్టారు’ అని పేరు పెట్టింది నేనే. అరలో గ్లాసు అంగుళం పక్కకు జరిగినా ఆయనకు ముద్ద దిగదు. తప్పిపోయిన మనుషుల వివరాలు పెట్టే వెబ్‌సైట్‌కు ఆయన ప్రోగ్రామరు. పక్క బల్ల దగ్గర కూర్చుని ఆ వివరాలు ఎక్కించేది నేను. ఎవరైనా దొరికితే వాళ్ల పేజీ తీసేయడం మా పద్ధతి.

ఆ వెబ్‌సైట్ కోడ్ బావ చేతికి వచ్చేనాటికి కలగూరగంప. డేటాబేస్‌లోంచి వివరాలు తెచ్చే పని, వాటిని తెర మీద చూపే పని, లింకులు, అన్నీ ఒకే ఫైలులో కలిసిపోయి ఉండేవి. బావ ఓపిగ్గా దేనికి దాన్ని విడదీశాడు. ఆ ఊపులో పేజీల అడ్రసులూ మార్చాడు. చివర ఉత్త అంకెలుండే చోట ఊరు, మనిషి పేరు వచ్చాయి. చూడగానే అర్థమవుతున్నాయని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను, అబద్ధమెందుకు. ఆ అంకెల అడ్రసులే ఊరూరా గోడల మీద అతికించిన పోస్టర్లలో ఉన్నాయన్న సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

వారం తిరక్కుండా బట్టలు కుట్టే ఆవిడ ఒకామె వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. మిషను ముందు నుంచి లేచి పరుగున వచ్చినట్టుంది. చేతిలో కొడుకు ఫొటో ఉన్న పోస్టరు, దాని కింద మా పాత అడ్రసు.

“బాబూ, ఇది ఫోన్లో కొడితే అలాంటి పేజీ లేదంటోంది,” అంది. మొహం వెలిగిపోతోంది. “దొరికినవాళ్ల పేజీ తీసేస్తామని అప్పుడు మీవాళ్లే చెప్పారు. మావాడు దొరికాడా? ఎక్కడున్నాడు?”

నాకు ఒళ్లు మండింది, బావ మీదో నా మీదో తెలియదు.

“లేదమ్మా,” అన్నాడు బావ. “అడ్రసు నేనే మార్చాను. పాతది కొట్టినా కొత్త పేజీకి వెళ్లేలా పెట్టాలి, అది మర్చిపోయాను. కూర్చోండి, ఇప్పుడే చేస్తాను.”

ఆవిడ కూర్చుంది. బావ పాత అడ్రసులన్నిటినీ కొత్త పేజీలకు కలుపుతూ పోయాడు. ఆ పని తెమలకపోతే బాగుండునని నాకు అనిపించింది. తెమిలింది.

“ఇప్పుడు చూడండమ్మా.”

ఆవిడ పోస్టరు చూస్తూ ఒక్కో అంకె కొట్టింది. కొడుకు ఫొటో వచ్చింది.

“వచ్చింది బాబూ,” అంది. “వాడు దొరికాడని వాళ్ల నాన్నకు చెప్పి వచ్చాను. ఇప్పుడేమని చెప్పను?” అని అడిగింది.