మిగతా సగం గంట

నిన్న పొద్దున మా గల్లీలోకి మంచాలల్లే మనిషి వచ్చాడు. నిజామాబాదులో ఇప్పుడు వాళ్ళు కనిపించడమే అరుదు, వచ్చినా ప్లాస్టిక్ పట్టీలు పట్టుకొని వస్తారు. ఇతని భుజం మీద మాత్రం అసలైన నులక చుట్ట ఉంది. అటక మీది పాత మంచాన్ని దింపించి వాకిట్లో వేయించాను. అతను బకెట్ నీళ్ళడిగి నులకను తడిపాడు. తడిసిన జనుము వాసన గుప్పున లేచింది. మా కోడలు వంటింట్లోంచి "అత్తమ్మా, ఎండల కూసున్నరేంది?" అని కేకేస్తూనే ఉంది. నేను మాత్రం మనసులో అప్పటికే నా చిన్ననాటి కాన్వెంటు బడి వెనక గల్లీలో, జైనబ్ ఖాలా ఇంటి ముందర, తడి నులక కొస పట్టుకొని నిలబడి ఉన్నాను. నా పక్కన, నల్ల గొడుగు చంకన పెట్టుకొని, సిస్టర్ లూసియా ఉంది.

సిస్టర్ లూసియాను మీరు చూసి ఉండరు. పొట్టి మనిషి. నడిస్తే మాత్రం పొడుగు కాళ్ళ పిల్లలం మేమే వెనకబడేవాళ్ళం. కేరళ నుంచి వచ్చిన సన్యాసిని. తెలుగు పుస్తకాల్లో నేర్చుకోలేదు, అంగట్లో కూరగాయలమ్మే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుంది. అందుకే దేవుడి మాట చెప్పినా వంకాయలు బేరమాడుతున్నట్టే ఉండేది. నవ్వితే నెత్తి మీది ముసుగు జారిపోయేది, దాన్ని సర్దుకుంటూ మళ్ళీ నవ్వేది. ఆమెకున్న ఒకే ఒక్క వ్యసనం చాయ్. అందులో చక్కెర వేసేటప్పుడు ఎవరైనా చెయ్యి ఆపితే ఆమెకు కోపం వచ్చేది.

మాది కోటగిరి దగ్గర ఊరు. కాలువ నీళ్ళు, చెరుకు తోట, ఏటేటా బోధన్ ఫ్యాక్టరీకి బండ్లు తోలుకుపోవడం. మా ఊళ్ళో పదో తరగతి దాకా చదివిన ఆడపిల్ల అప్పటికి లేదు. అయినా బాపు నన్ను నిజామాబాదులో మా మేనత్త ఇంట్లో పెట్టి కాన్వెంటు బడిలో వేశాడు. ఎందుకు వేశాడో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, అడిగే ధైర్యం నాకూ లేదు. డెబ్బయిల మొదటి రోజులవి. అత్త మాత్రం దినానికోసారి గుర్తుచేసేది, "మీ బాపు మనసు మారిందంటే నీ సదువు ఆడికే బందు" అని. ఆ మాట ఉత్త బెదిరింపు కాదని నాకూ తెలుసు.

ఆ బడిలో ఒక నియమం ఉండేది. పై తరగతుల పిల్లలు ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక గంట సేవ చేయాలి. ముసలివాళ్ళు, ఒంటరివాళ్ళు, రోగంతో ఉన్నవాళ్ళు ఉండే ఇళ్ళకు ఒక్కొక్కరిని ఒక్కో ఇంటికి పంపేవారు. ఏడాదికి ఇన్ని గంటలని లెక్క. ఆ గంటలు నిండని పిల్ల పేరు పదో తరగతి పరీక్షకు పంపేవారు కాదు. ఈ నియమం మా సిస్టర్ పెట్టింది కాదు, బడిదే. అయితే దానికి ఆమె తన సొంత తోక ఒకటి తగిలించింది, అదే మాకు అసలు తలనొప్పి.

నాకు వచ్చిన ఇల్లు జైనబ్ ఖాలాది. ఖాలా అంటే పిన్ని, గల్లీ అంతా ఆమెను అట్లాగే పిలిచేది. భర్త గాజులు అమ్మేవాడట, ఎప్పుడో పోయాడు. ఆమె కుడి మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది, నీళ్ళు చేదలేదు. మొదటి శనివారం వెళ్ళి గోలెం నింపాను, వాకిలి ఊడ్చాను. ఖాలా సంబరపడి చాయ్ పెట్టి ఇచ్చింది. బయలుదేరేముందు అత్త చెప్పిన మాట నా చెవుల్లోనే ఉంది, "సాయిబుల ఇంట్ల గ్లాసెడు నీళ్ళు గూడ ముట్టకు" అని. వద్దన్నాను. ఖాలా ఆ కప్పు తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది.

బడికి తిరిగి వచ్చేసరికి సిస్టర్ వరండాలో నిలబడి ఉంది. ఏం చేశావని అడుగుతుందనుకొని చెప్పాల్సినవన్నీ వరసగా పెట్టుకున్నాను. ఆమె అడిగింది అది కాదు.

"ఏం తీసుకున్నవ్?"

"ఏం తీసుకోలే సిస్టర్. చాయ్ ఇస్తే గూడ వద్దన్న" అన్నాను, మెచ్చుకుంటుందని.

"అయితే సగం గంటనే అయింది. చేసి వచ్చుడు సగం, తీసుకొని వచ్చుడు సగం. మిగతా సగం వచ్చే శనివారం తెచ్చుకో."

నాకు ఏడుపొచ్చింది. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకొని తన సంగతి చెప్పింది. కొత్తగా ఈ దిక్కు వచ్చినప్పుడు ఒక పల్లెలో మందులు పంచేదట. ఒక ముసలమ్మ జొన్నరొట్టె పెట్టబోతే, పాపం, లేనివాళ్ళు కదా అని వద్దని వచ్చేసిందట. "మల్ల వారం పోతే ఆ అవ్వ తలుపు తియ్యలే. దగ్గు ఇనవడుతున్నది, తలుపు మాత్రం తియ్యలే. ఇచ్చేటోళ్ళం మేమే అనుకున్న. ఆమెకు గూడ ఇయ్యాలని ఉంటది గద?" అంది. ఆ చెప్పడంలో ఎప్పటి బేరం గొంతు లేదు. నాకు అప్పుడు సగమే అర్థమైంది. అయినా పరీక్ష పోతుందన్న భయం ముందు అత్త భయం చిన్నదైపోయింది, మరుసటి శనివారం ఖాలా ఇచ్చిన చాయ్ కళ్ళు మూసుకొని తాగేశాను. ఆకాశం విరిగి మీద పడలేదు. ఆ తర్వాత ఖాలా దగ్గర కాజాలు కుట్టడం నేర్చుకున్నాను, బొంత కుట్టడం నేర్చుకున్నాను, ఉర్దూలో తిట్లు కూడా నేర్చుకున్నాను. తిట్ల సంగతి సిస్టర్‌కు చెబితే, "అవి గూడ లెక్కనే" అని ముసుగు జారేదాకా నవ్వింది.

ఖాలా మంచం కుంగిపోయి నేలకు తగులుతుండేది. "నేను పండుకుంటే భూమికి సలాం కొడ్తది బేటీ" అనేది. సిస్టర్ ఎక్కడినుంచో నులక తెప్పించింది. ఒక శనివారం ఆమె, నేను కలిసి అల్లడానికి కూర్చున్నాం. ఆమె జన్మలో మంచం అల్లలేదు. నేను మా బాపు అల్లుతుంటే ఊహ తెలిసినప్పటినుంచీ చూశాను, చూస్తే వచ్చినట్టేనని నా నమ్మకం. తల వైపు నుంచి మొదలుపెట్టి కాళ్ళ వైపు పట్టె దాకా ఎక్కడా ఖాళీ లేకుండా నిండుగా అల్లేశాం. చూడముచ్చటగా ఉంది. వారం తిరిగేసరికి ఉయ్యాలలా వేలాడింది.

సరిగ్గా ఆ వారంలోనే అత్త ఊరికి కబురంపింది, నీ బిడ్డ ఒకరింట్లో నీళ్ళు మోస్తూ వాళ్ళ చాయ్ తాగుతోందని. అది చెరుకు నరికే కాలం. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరసలో తన వంతు వదులుకోలేక బాపు సొంత చెల్లెలి పెళ్ళికే ఆలస్యంగా వెళ్ళాడని మా ఇంట్లో చెప్పుకొనేవారు. అలాంటి మనిషి బండ్లను పాలేరుకు అప్పజెప్పి, బోధన్‌లో బస్సెక్కి శనివారం మధ్యాహ్నం బడికి వచ్చాడు. వరండాలో జరిగింది నేను చూడలేదు, సిస్టర్ తర్వాత ఆయన గొంతును అచ్చం దింపి చూపించింది.

"నా బిడ్డను సదువుకు తోలిన అమ్మా, ఒగలింట్ల నీళ్ళు మోసెతందుకు గాదు. పేరు కొట్టెయ్యిన్రి. ఇప్పుడే తీసుకపోత."

"సేవ గంట నడుస్తున్నది పటేలా. నడుమల నేను ఎవర్ని పిలువ. మీరే రాన్రి, ఎక్కడున్నదో చూపిస్త" అని ఆమె గొడుగు తీసుకొని ముందు నడిచిందట. ఆయన వెనకే వచ్చాడు, రాక తప్పిందా.

నేను ఖాలా ఇంటి ముందు వేలాడే నులకను ఎక్కడ గుంజాలో తెలియక సతమతమవుతున్నాను. తలెత్తితే ఎదురుగా బాపు. అయిపోయింది నా చదువు, ఇక చెరుకు తోటే అనుకున్నాను. ఆయన నావైపు చూడటం లేదు. మంచాన్ని చూస్తున్నాడు.

"గిదెవలల్లిన్రు?"

"నేను, మీ బిడ్డ కలిసి అల్లినం" అంది సిస్టర్, దాపరికం లేకుండా.

"కాళ్ళ దిక్కు జాగ ఇడ్వకుంట అల్లుతరా ఎవలన్న? సడలితే బిగించే తాడు యాడ కడ్తరు?"

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నిజమే, ఆ తాడు సంగతే మాకు తట్టలేదు. బాపు ఇంకాసేపు నిలబడ్డాడు. కోపంతో వచ్చిన మనిషి, కోపంతోనే పోవాలి. కానీ తప్పుగా అల్లిన మంచాన్ని అట్లా వదిలేసి పోవడం ఆయన వల్ల కాలేదు. భుజం మీది తువ్వాల తలకు చుట్టుకొని మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఇప్పు" అన్నాడు నాతో. ఇద్దరం మొత్తం నులక విప్పాం. నీళ్ళు చల్లి మళ్ళీ మొదలుపెట్టాం, కాళ్ళ వైపు మూర కంటే ఎక్కువే ఖాళీ ఉంచి. గడప మీద కూర్చొని ఖాలా హుకుం జారీ చేసింది, "జర గట్టిగ గుంజు పటేలా. మనిషిని సన్నగున్న గని నా కష్టాలు బరువు." బాపు మీసాల్లో నవ్వడం నేను చూశాను.

పని ముగిసింది. బిగించే తాడు కట్టి మోకాలు ఆనించి గుంజితే మంచం టంగుమంది. అప్పుడు ఖాలా పింగాణీ కప్పులో చాయ్ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నాకు వద్దమ్మా" అన్నాడు బాపు, తల తిప్పుకొని.

ఖాలా కప్పు వెనక్కి తీసుకోలేదు. "చక్కెర మీ చెరుకుదే పటేలా. నీళ్ళే నావి."

బాపు నులక గీరుకుపోయిన తన చేతుల వంక చూసుకున్నాడు, కొత్త మంచం వంక చూశాడు, కప్పు అందుకొని తాగాడు. అంతా తాగి, "చక్కెర జర ఎక్కువైంది" అన్నాడు. "చెరుకు పంపుడు తక్కువ చెయ్యిన్రి మల్ల" అంది ఖాలా.

"ఏం తీసుకున్నరు పటేలా?" అని అడిగింది సిస్టర్. ఆయనకు అర్థం కాలేదు. ఆమె నియమం నేను వివరించాను. కొంచెం సేపు ఆలోచించి, పరీక్షలో జవాబు చెబుతున్న పిల్లాడిలా, "చాయ్" అన్నాడు.

"అయితే మీ గంట నిండింది. ఇగ పోన్రి, మీ బండ్లు ఎదురు చూస్తయి. మీ బిడ్డ గంటలు ఇంకా ఉన్నయి."

బాపు నన్ను చాలాసేపు చూశాడు. "పరీక్ష రాయనియ్యిన్రి. తర్వాత సంగతి తర్వాత సూద్దం" అన్నాడు ఆమెతో. నాతో మాత్రం, "సత్తెవ్వా, కాళ్ళ దిక్కు జాగ ఇడ్వాలె. యాదుంచుకో" అని చెప్పి బస్సుకు వెళ్ళిపోయాడు.

ఆ ఏడు గానుగ ఆడినప్పుడు రెండు బెల్లం ముద్దలు తానే మోసుకొని వచ్చాడు, ఒకటి ఖాలాకు, ఒకటి సిస్టర్‌కు. తాము బహుమతులు తీసుకోకూడదని సిస్టర్ చేతులు వెనక్కి పెట్టుకుంది. "గిదేం నాయం అమ్మా? పిల్లలకొగ లెక్క, మీకొగ లెక్కనా?" అన్నాడు బాపు. ఆమెకు జవాబు దొరకని సందర్భం నాకు తెలిసి అదొక్కటే. ముద్దను రెండు చేతులా తీసుకుంది. నేను పరీక్ష రాశాను. 'తర్వాత సంగతి' పంతులమ్మ చదువైంది, బోధన్ బడిలో ఉద్యోగమైంది. వద్దన్న మాట బాపు నోట మళ్ళీ రాలేదు. ఇదంతా ఆ ఒక్క శనివారం పుణ్యమేనని నేను గట్టిగా నమ్ముతాను.

సిస్టర్ తర్వాత ఎక్కడెక్కడికో బదిలీ అయింది. చాలా ఏళ్ళకు, హైదరాబాదులో ముసలి సిస్టర్లు ఉండే ఇంట్లో ఉందని తెలిసి చూడబోయాను. నన్ను గుర్తుపట్టలేదు. తెలుగు కూడా మరిచినట్టుంది, తనలో తానే మలయాళంలో ఏదో అనుకుంటోంది. గోళ్ళు తీశాను, పొట్టి జుట్టు దువ్వాను. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు. లేచి బయలుదేరబోతే నా కొంగు పట్టుకుంది. అదే అంగడి తెలుగులో, అదే బేరం గొంతుతో, "ఏం తీసుకున్నవ్?" అంది. తాను సగం తాగిన చాయ్ కప్పును నావైపు జరిపింది. తాగాను. బోధన్ ఫ్యాక్టరీ అప్పటికి మూతబడింది, ఆ చక్కెర ఏ ఊరిదో తెలియదు. ఎప్పట్లాగే ఎక్కువైంది.

మంచాలల్లే అబ్బాయి మధ్యాహ్నానికి పని ముగించాడు. వెళ్ళి చూశాను, కాళ్ళ వైపు జాగా వదిలాడు. అన్నం పెడతానంటే తెచ్చుకున్నానని గోడ నీడన కూర్చొని టిఫిన్ డబ్బా విప్పాడు. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు. ఎదురుగా పెద్దమనిషి ఉండగా ఒక్కడే ఎట్లా తినాలనుకున్నాడో ఏమో, ఒక తుంపు తుంచి, "జర తింటరా అమ్మా?" అన్నాడు మొహమాటంగా. కిటికీలోంచి కోడలు వద్దు వద్దని సైగలు చేస్తోంది, తొక్కు నా కడుపుకు పడదని.

"ఇయ్యి బిడ్డా" అని రెండు చేతులూ చాపాను.